హస్తకు ముందే తీసిన ఉన్ని

భాద్రపద బహుళ విదియ, మంగళవారం

ఉత్తరం వచ్చింది! నలభై రోజుల తర్వాత. ఆయన ఉన్న ఊరి పేరు మీద సెన్సారువాళ్లు నల్లసిరా పూశారు. మొగుడు ఎక్కడున్నాడో నాకు తెలిస్తే యుద్ధం ఓడిపోతారు కాబోలు.

పంచలో కూర్చుని చదివాను, అత్త మామ ఎదురుగా. ఈ ఇంట్లో అక్షరం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, వెలిగండ్ల బడిపంతులు కూతురిని. ఆయన ఏదో పెద్ద కొండమీద ఉన్నాడట. అక్కడ వాన తెల్లగా పడుతుందట, చప్పుడు లేకుండా, ఏకిన ఉన్ని ఎగరేసినట్టు. తెల్లారేసరికి బూట్లు కూరుకుపోతాయట. సర్కారు ఇచ్చిన కంబళి పలచన. గుండీ పెట్టుకోవడానికి వేళ్లు వంగడం లేదు... దీపావళి నాటికి కొండదారి మంచుతో మూసుకుపోతుంది, ఇక ఉగాది దాకా టపా ఉండదు...

గడగడా చదువుకుంటూ పోయాను. దాని కింద వరస — ఇదంతా నీకు మాత్రమే, నాయనకు చదవొద్దు.

నా నోరు పడిపోను. ముందు కళ్లతో చదివి, తర్వాత కదా నోటితో చదవాలి. మిగతాదంతా క్షేమమే అని మడిచేశాను. మామ బూట్లు ఎంత లోతు కూరుకుపోతాయని మాత్రం అడిగాడు.

తదియ, బుధవారం

మామ కత్తెర నూరుతున్నాడు. నాకు భయంగా ఉంది.

అత్త అడ్డం పడింది. హస్త కార్తె రానేలేదు, ఆ వానలు తగ్గాక కదా ఏ ఏడైనా గొర్రెలకు కత్తెర పెట్టేది అని. ఉన్ని ఇంకా సగమే పెరిగింది, మంద మొత్తం తీస్తే గాని ఒక్క గొంగళికి చాలదు. మామ నూరుతూనే అన్నాడు.

"పిల్లోడు మంచులో వణుకుతాంటే ఈటికి కోట్లెందుకే?"

అత్త పోయి కత్తెరకు నూనె తెచ్చిచ్చింది.

పంచమి, శుక్రవారం

వాగులో కడిగి, ఆరబెట్టి, ముప్పై నాలుగు గొర్రెలకూ కత్తిరించారు. గొర్రెపిల్లలు తల్లుల్ని గుర్తుపట్టక ఒకటే అరుపులు. నా చిన్నప్పుడు మా నాయన తిరపతికి పోయి గుండు కొట్టించుకుని వస్తే, చూసి నేనూ ఇలాగే ఏడ్చానట. నవ్వు ఆపుకోలేకపోయాను. మామ కూడా నవ్వాడు, ఉత్తరం వచ్చాక మొదటిసారి.

ఒక్కోదాని వీపు నిమిరి వదిలాడు.

అష్టమి, సోమవారం

అత్త ఏకుతుంది, నేను వడుకుతాను. చేతులంతా ఉన్ని జిడ్డు. అన్నం కూడా ఆ వాసనే.

ఈ పోగు మెడ దగ్గర పడాలి, ఇది భుజం మీద... అనుకుంటూ రాట్నం తిప్పుతున్నాను. సిగ్గు లేదు నాకు. రెండేళ్లయింది మనిషిని చూసి. ఆయన మీసం పెంచాడో తీసేశాడో కూడా తెలియదు. ఉత్తరంలో అది రాయడు, మంచు గురించి రాస్తాడు.

ఏకాదశి, గురువారం

నూలు పెద్దారవీడు నేతాయనకు ఇచ్చి వచ్చాం. చింతగింజల గంజి పెట్టాలి, పడుగు పోగులు ఆరాలి, మూడు ఎండలు కాస్తే చాలన్నాడు. ఎండకేం తక్కువ. నెత్తి మాడుతోంది.

త్రయోదశి, శనివారం

హస్త ప్రవేశించింది. మబ్బు లేదు.

చతుర్దశి, ఆదివారం

సాయంత్రం గాలి తిరిగింది. తూర్పు నుంచి, తడిగా. నల్లమల కనబడటం లేదు. మామ మాటిమాటికీ గొర్రెల దొడ్డి దగ్గరికి పోయి వస్తున్నాడు.

అమావాస్య, సోమవారం

పెద్దల అమావాస్య. పెద్దలకు పెట్టిన విస్తరి తడిసి ముద్దయింది, కాకి రాలేదు. తెల్లవారినప్పటి నుంచి వాన, విడవని ఈదురుగాలి. హస్తలో ఇంత చలి అత్త కూడా ఎరగదట. ఒంటిమీద ఉన్ని ఉంటే గొర్రెలు ఈ వానను లెక్కచేసేవి కావు. ఇప్పుడు వణుకుతూ ఒకదాని కిందికి ఒకటి దూరుతున్నాయి.

మధ్యాహ్నం మందను ఇంట్లోకి తోలాం. పంచలో, నట్టింట్లో, వంటింట్లో కూడా. మామ మాత్రం వానలోనే తిరుగుతున్నాడు, వెనకబడ్డవాటిని భుజాన వేసుకొస్తూ.

ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి, మంగళవారం

వాన ఆగలేదు. వాగు పొంగింది, టపా రాలేదు.

ఇంట్లో ఉన్న గోతాలన్నీ చించి గొర్రెలకు కట్టాం. చాలక అత్త పెట్టె తెరిచింది. మా పెళ్లినాటి ఎర్రచీర కట్టుకుని ఒక ముసలి గొర్రె పొయ్యి దగ్గర పడుకుంది — పెద్ద ముత్తైదువ, లేవమంటే లేవదు. దాని పక్కనే ఇరుక్కుని రాగిజావ కాస్తున్నాను. అందులో శొంఠి వేసి అందరికీ తాగిస్తున్నాం, వాటికీ మాకూ ఒకటే జావ.

మామ తన గొంగళి తీసి ఈనిన రెండింటి మీద కప్పాడు. మీకో అంటే వినిపించనట్టు పోయాడు.

విదియ, బుధవారం

ఆరు పోయాయి.

తదియ, గురువారం

ఇంకో ఐదు. ఎర్రచీరది కూడా.

వాన వెలిసింది. ఇప్పుడెందుకు వెలవడం?

మామ వాటన్నిటినీ చేను గట్టున తనే పూడ్చాడు, ఎవరినీ గడ్డపార పట్టనివ్వలేదు. వచ్చి పడుకున్నాడు. నుదురు కాలిపోతోంది. పళ్లు కొట్టుకుంటున్నాయి. మార్కాపురం డాక్టరు మందు సీసా ఇచ్చి, వెచ్చగా ఉంచమన్నాడు, ఊపిరితిత్తుల్లో చలి చేరిందన్నాడు. దేనితో వెచ్చగా ఉంచేది? ఇంట్లోని ప్రతి గుడ్డా తడిసింది, గొర్రెల కంపు.

ఇక దాచుకోలేక చెప్పేశాను. ఆయన మీకు చదవొద్దని రాశాడు మామా, నేను చూసుకోకుండా చదివేసినాను, ఈ పదకొండూ నా వల్లనే పోయినాయి అని. ఏడుపొచ్చింది. మామ కళ్లు తెరవలేదు.

"నువ్వు చదవకుంటే వాడు చలిలో ఉండాడని నాకెట్ల తెలిసేది తల్లీ?"

చేయి పైకెత్తి నా తల కోసం వెతికాడు. నేనే వంగాను.

సప్తమి, సోమవారం

నేతాయన స్వయంగా గొంగళి తెచ్చాడు. ఎండ లేక, పడుగును నిప్పుల సెగ మీద ఆరబెట్టాడట. పొగ వాసన. దట్టంగా, బరువుగా, నల్లగా... మొహం పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాను. అత్త చూసి లోపలికి పోయింది.

రేపు టపా రోజు. పార్శిలు అక్కడికి చేరడానికి మూడు వారాలని టపా ఆయన లెక్క. సరిగ్గా దీపావళికి. రేపు పంపకపోతే ఇక ఉగాది తర్వాతే.

మామకు జ్వరం తగ్గలేదు. రెండు పాత గొంగళ్లు ఉతికి ఆరేశాం, ఎండ లేక చెమ్మ పోలేదు.

అష్టమి, మంగళవారం

పొద్దున్నే చూద్దును కదా, మామ మోకాళ్లు ముడుచుకుని మంచం అంతా కదిలేలా వణుకుతున్నాడు. అత్త నా వైపు చూసింది. నోరు తెరిచి గొంగళి అడిగినా బాగుండేది.

కొత్త గొంగళి తెచ్చి కప్పాను. వణుకు నెమ్మదిగా తగ్గింది. ఐదు రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాడు. మొహంలో కాస్త రంగు వచ్చింది. నాకు సంతోషమేసింది, వెంటనే మంచులో గుండీ పెట్టుకోలేని ఆయన వేళ్లు గుర్తొచ్చి సంతోషం పోయింది. ఆ చేతుల్ని నేనెరుగుదును.

కాసేపటికి మామ మేల్కొన్నాడు. చేత్తో తడిమాడు. కొత్త ఉన్ని అని తెలిసిపోయింది. లేచి కూర్చోలేని మనిషి, దాన్ని తీసి, మంచం మీదనే నాలుగు మడతలు పెట్టాడు.

"ఇది నాది గాదమ్మా. పిల్లోడిది. కుట్టెయ్."

గోడవైపు తిరిగి పడుకున్నాడు. అత్త తన కొంగు కప్పి మామ వీపుకు ఆనుకుని కూర్చుంది.

పార్శిలు గుడ్డ తెచ్చుకుని వాకిట్లో కూర్చున్నాను. ఆయన పేరు, నంబరు రాశాను. ఊరి పేరు లేదు, నంబరు చాలట. సూది దిగడం లేదు, గొంగళి అంత దట్టం. కుడుతున్నాను. లోపల నుంచి మంచం కిర్రుమంటోంది, ఆగుతోంది, మళ్లీ కిర్రుమంటోంది. ఇద్దరిలో ఒకరికి నేను ద్రోహం చేస్తున్నాను, ఎవరికో తెలియడం లేదు.

టపా ఆయన గజ్జెల కర్ర చప్పుడు వీధి చివర వినిపిస్తోంది. సూది పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

"కుట్టినావా అమ్మా?" — మామ.

మూడు వైపులా కుట్టాను. నాలుగోది ఇంకా తెరిచే ఉంది.