సున్నా కూడా లెక్కే

అమ్మకు,

దగ్గు పూర్తిగా తగ్గింది, నేను హాయిగా ఉన్నాను. అన్నిచోట్లా కనబడే పిట్టలను మా పక్షుల వాళ్లు "బెంగ అక్కర్లేని జాతి" అంటారు. ఎంత ముద్దొచ్చే మాటో! నువ్వు నన్నూ అందులోనే రాసుకో.

పిచ్చుకను ఇంకా ఆ జాబితాలో ఉంచాలా వద్దా అన్నది ఈ నెలాఖరుకు మేం తేల్చాలి. నేను గింజలు రాలే ధాన్యం కొట్ల దగ్గర నిలబడి, గుంపులకు గుంపులు లెక్కపెట్టి, గొప్పగా మా మేడమ్ ముందు పెట్టాను. ఆవిడ పగలబడి నవ్వారు. "హోటల్లో కూర్చుని ఊరందరి కడుపూ నిండిందన్నట్టుంది పిల్లా నీ లెక్క! పిట్టలు లేని చోటికి కూడా వెళ్లి, సున్నా రాసుకుని రా" అన్నారు. నిన్న అద్దాల మేడల వీధిలో గంటసేపు నిలబడ్డాను. ఒక్క పిచ్చుకా కనబడలేదు. సున్నా వేయడానికి చెయ్యి రాలేదమ్మా, అయినా వేశాను. మేడమ్ చూసి, "ఇదీ లెక్కంటే" అని మన ఊరి లెక్క కూడా నాకే అప్పగించారు.

అందుకని ఓ పని చేసిపెట్టు. వారంపాటు రోజూ పొద్దున వంటింటి కిటికీలోంచి ఓ పావుగంట చూసి, ఎన్ని వచ్చాయో రాసి పంపు. గింజలు చల్లి పిలవకు. నాన్న మోకాలు ఎలా ఉంది? నా నీలం స్వెట్టరు అత్త పట్టుకెళ్లిందా? ఇద్దరికీ నా నమస్కారాలు చెప్పు. నేను చిన్నబుచ్చుకుంటానని మాత్రం, లేని పిచ్చుకను ఒక్కదాన్ని కూడా పుట్టించకు.

నీ చిన్నది