పాయింట్లు లెక్కపెట్టని ఆట

జూన్ 2, 2003, సోమవారం
కంపెనీ ఇన్సూరెన్స్ కోసం బంజారా హిల్స్‌లో వైద్య పరీక్షలు. స్టెతస్కోపు పెట్టగానే డాక్టర్ కృష్ణమోహన్‌గారి మొహం మారింది. ఎకో తీయించారు. గుండె నుంచి రక్తాన్ని బయటికి వదిలే కవాటానికి మూడు రేకులుండాలట. నాకు రెండే. పుట్టుకతోనే! రక్తం కొంత వెనక్కి కారుతోందట, పైనున్న పెద్ద రక్తనాళం కాస్త ఉబ్బిందట. మిగతా పరీక్షలయ్యేదాకా పోటీ ఆటలు వద్దు, మామూలు నడక చాలన్నారు. ఆరో తరగతి నుంచి షటిల్ ఆడుతున్నాను, స్టేట్ దాకా వెళ్ళాను. ఈ గుండె ఒక్క మాట చెప్పలేదు.
తీర్మానం: రాకెట్ అటక మీదికి. రోజూ అమీర్‌పేట నుంచి పంజగుట్ట దాకా నడక. అంతేగా!

జూన్ 4
నడిచాను. అద్భుతం! దారంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. నెలలో జావా, రెండు నెలల్లో ఒరాకిల్. ఆట మానడం నేర్పే బోర్డు ఒక్కటీ లేదు.
కంపెనీల టోర్నమెంటు నెలాఖరున. నాకు కాలు బెణికిందని నా డబుల్స్ జోడీ ప్రవీణ్‌కి చెప్పాను. పాపం, కాపడం పెడతానని యూసుఫ్‌గూడలో నా గదికి వచ్చేశాడు. ఏ కాలని చెప్పానో గుర్తులేక రెండూ చాపాను.

జూన్ 9
అటక మీద ఎలుకలు. రాకెట్ కిందికి దించాను. దించానంతే.

జూన్ 12
స్టేడియంకి వెళ్ళాను. చూడ్డానికే. అక్కడ ఆలోచన వచ్చింది: డాక్టర్‌గారు వద్దన్నది పోటీని. పాయింట్లు లెక్కపెట్టకపోతే పోటీ ఎలా అవుతుంది?
కాలు నయమైందని ప్రవీణ్‌కి చెప్పాను. లెక్కపెట్టకుండా ఆడాం. గెలిచాం.

జూన్ 17
డబుల్స్ అంటే సగం కోర్టే. సగం కోర్టుకి రెండు రేకులు చాలవా? ఓడినవాళ్ళు చాయ్ ఇప్పించాలి. చాయ్ పందెం పోటీ కిందికి రాదు.
మెట్లెక్కుతుంటే ఆయాసం. ఉక్కపోత వల్లే. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందని పరీక్షలు వాయిదా వేయించాను.

జూన్ 28, శనివారం
కంపెనీల టోర్నమెంటు ఫైనల్. మూడో గేమ్. 13-13. సర్వీస్ నాది. ఛాతీ బిగుసుకుపోయింది, కళ్ళు మసకబారాయి. మోకాళ్ళ మీద చేతులానించి వంగిపోయాను. భయమేసింది. చచ్చేంత భయం. కాలు మళ్ళీ బెణికిందా అని ప్రవీణ్ అడిగాడు. కాలు కాదు, గుండె అని మొత్తం చెప్పేశాను.
షటిల్ గీత మీద పడిందా లేదా అని అరగంట కొట్లాడే మనిషి వాడు. నేరుగా అంపైర్ దగ్గరికెళ్ళి మ్యాచ్ వదిలేస్తున్నామన్నాడు.
“రెండే పాయింట్లురా,” అన్నాను.
“ఓడిపోతే ఇంటికి పోతం. నీకేమన్నయితే నేనేడికి పోవాలె?”
ఆటోలో డాక్టర్‌గారి దగ్గరికి తీసుకెళ్ళాడు. నాకు పడాల్సిన తిట్లలో సగం వాడే తిన్నాడు. డబుల్స్ కదా.

జూలై 6, ఆదివారం
పరీక్షలన్నీ అయ్యాయి. ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు. ఏటా చూపించుకోవాలి. పోటీలు మాత్రం ఇక లేవు. రాకెట్‌ని ప్రవీణ్ వాళ్ళమ్మ రుద్రమ్మగారు బీరువాలో పెట్టి తాళం వేశారు.
పొద్దున ప్రవీణ్ నడకకి తోడొచ్చాడు. కబుర్లు చెప్పుకుంటూ మెల్లగా బయల్దేరాం. పంజగుట్ట చౌరస్తాకి ముందు చేరింది నేనే!
వెనక్కి చూశాను. వాడు అడుగులో అడుగేసుకుంటూ వస్తున్నాడు. క్యారమ్స్‌లో కూడా ఓడనివాడు, నా కోసం కావాలనే వెనకబడ్డాడు. తిట్టాలో ఏడవాలో తెలీలేదు.
తీర్మానం: రేపటి నుంచి నడకలో కూడా పోటీ లేదు. వాడి వెనకే నడుస్తాను. ఎవరు ఎక్కువ వెనకబడతారో చూద్దాం.