రెండుసార్లు తీసేసిన వేగం

అనకాపల్లి,
శనివారం ఉదయం.

కువైట్‌లో ఉన్న అమ్మకు, ప్రభువు పేరట సుజి వందనాలు. నాన్నా నేనూ ఇక్కడ కులాసా. నీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. సాయంత్రం అక్కడికే బయలుదేరుతున్న శాంతికుమారి అత్త చేతికి ఇది ఇస్తున్నాను. ఫోన్‌లో అయితే నీ గొంతు వినగానే అసలు మాట మింగేస్తాను.

నువ్వడిగినవాటికి జవాబులు. నాన్న బీపీ మాత్రలు వేసుకుంటున్నాడు, నేను ఎదురుగా నిలబడితేనే. ఇక, "కనపడనిదాన్ని ఎలా కొలుత్తావే?" అన్నావు. విశ్వం సాగుతున్నకొద్దీ గెలాక్సీలు, అంటే నక్షత్రాల గుంపులు, మనకు దూరమవుతుంటాయి. ఆ లెక్క తీసేశాక కూడా కొన్ని ఓ పక్కకి పోతుంటే, అటువైపు వాటిని లాగే బరువేదో ఉందన్నమాట. అలా వేల గెలాక్సీల కదలికలు చూసి, ఎక్కడెంత బరువుందో పటం గీస్తాం. నా పటంలో ఒకచోట ఎవరూ ఊహించనంత బరువు తేలింది. నా పీహెచ్‌డీ గైడు సారు పొంగిపోయారు. సోమవారం సైన్సు పత్రికకి మా పరిశోధన పేపరు పంపుతున్నారు. ఇందుకే రేపు చర్చిలో నాన్న కృతజ్ఞత కూడిక పెట్టించాడు. నేను లేచి, దేవుడు చేసిన మేలు ఇదని సాక్ష్యం చెప్పాలి.

అమ్మా, ఆ బరువు లేదు.

నాన్న అచ్యుతాపురం కంపెనీ బస్సులోంచి చూసి పక్క బండి వేగం చెప్పాలంటే, ముందు బస్సు వేగం లెక్కలోంచి తీసెయ్యాలి కదా. మన గెలాక్సీ కూడా కదులుతోంది. నాకిచ్చిన గెలాక్సీల వేగాల జాబితాలో మన వేగం ముందే తీసేసి ఉంది. చూసుకోకుండా నేను మళ్ళీ తీసేశాను. అందుకే లేని బరువు ఉన్నట్టు తేలింది. ఈ సంగతి తెలిసి ఎనిమిది రోజులైంది. ఎనిమిది రోజులూ నోరు మూసుకున్నాను. సిగ్గుగా ఉందమ్మా.

ఇందాక నాన్నతో చెప్పాను. రేపటి చొక్కా ఇస్త్రీ చేస్తున్నవాడు ఆగి, "మీ సారుకి సెప్పేవా?" అన్నాడు. లేదన్నాను. "మరి సోమారం దాకా ఏటి సూత్తన్నావు? ముందాయనకి సెప్పు. కూడిక నేనాపను. రేపు లెగిసి ఉన్నదే సెప్పు," అన్నాడు. మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకున్నాడు. నేను సారుకి మెయిల్ పంపాను. ఇంకా జవాబు లేదు.

నీ మూడో ప్రశ్న మరిచిపోయాననుకోకు. ఈ పేపరు వస్తే నాకు ఉద్యోగం, నువ్వు పని మానేసి ఇంటికి వచ్చేయడం, అదే కదా మనం అనుకున్నది. డిసెంబరుకి టికెట్ తీసుకోమంటావా అని అడిగావు.

తీసుకోకమ్మా.

ఇట్లు,
నీ కూతురు
సుజి