పాత నిదానమే బిగించి వెళ్లు

తమ్ముడూ,

మీ బావగారి పాత కంప్యూటర్‌కి నువ్వు వేగమైన ప్రాసెసర్ బిగించి వెళ్లిన దగ్గర్నుంచీ మా ఇంట్లో వంట సాగడం లేదు.

ఇదివరకు ఆయన దాంతో చదరంగం ఆడుతుంటే, అది ఒక్క ఎత్తు ఆలోచించేలోపు ఆయన వంటగదిలోకి వచ్చి కూరలు తరిగేవారు, గిన్నెలు తుడిచేవారు, ఆఫీసు కబుర్లు చెప్పేవారు. పెళ్లయ్యాక ఆయన నోరు విప్పింది ఆ కంప్యూటర్ పుణ్యమానే. ఇప్పుడు ఆయన కుర్చీలోంచి లేచేలోపే అది ఎత్తు వేసేస్తోంది.

"ఇంత వేగాన్ని తెర మీద బొమ్మ చూపించే చిప్పు అందుకోలేదక్కా, అందుకే ఆలోచించేటప్పుడు తెర నల్లబడుతుంది" అన్నావు కదా. ఆ నల్లతెరనే గుడ్లప్పగించి చూస్తున్నారు. "కాస్త ఇటు ఓ చెయ్యి వెయ్యండి" అంటే "ఆగవే, వచ్చేస్తుంది" అంటారు. నిజంగానే వచ్చేస్తుంది, నా ఖర్మ!

పోనీ గెలుస్తున్నారా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అది నిదానం కాబట్టే తన ఏకాగ్రత చెడుతోందని ఇన్నాళ్లూ అన్నారు. ఇప్పుడు కాఫీ చల్లారేలోపే ఓడిపోతున్నారు. ఇంకా వేగం పెంచమని నిన్ను అడిగితే, మిగతా చిప్పులు ఆ వేడికి తట్టుకోలేవన్నావట. ఆ చిప్పులు నాలుగు కాలాలపాటు చల్లగా ఉండాలి.

పాత ప్రాసెసర్‌ని ఉప్పు డబ్బా వెనక దాచాను. ఆదివారం వచ్చి మళ్లీ దాన్నే పెట్టెయ్. ఆయనకి మాత్రం ఇంకా మంచిది వేశానని చెప్పు. ఇంత ఆలస్యమేమిటని అడిగితే, ఇప్పుడు లోతుగా ఆలోచిస్తోందను. ఆ లోతంతా నేను వంటగదిలో వాడుకుంటాను.

నీ అక్క