మద్దిపాడులో బస్సు దిగిన అక్కకు

మధురానగర్, హైదరాబాద్,
ఆదివారం.

అక్కకు తమ్ముడు రమణ నమస్కారాలు.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నాన్న చుట్టలు తగ్గించాడా? బావా పాపా కులాసాయే అనుకుంటున్నాను. నేను వేళకు తింటున్నాను. ఇక్కడ వానలు పట్టుకున్నాయి. అమీర్‌పేట రోడ్డు మీద నీళ్లు నిలిచినా, కోర్సుల కాగితాలు పంచేవాళ్లు ఆ నీళ్లలోనే నిలబడి పంచుతున్నారు. నల్లకారం అయిపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే కొంచెం పంపించు.

ఈ ఉత్తరం ముందు నువ్వొక్కదానివే చదువు.

మా కోచింగ్ సంస్థలో కోర్సు అయ్యాక మమ్మల్ని ఉద్యోగాల ఇంటర్వ్యూలకు తయారుచేస్తారు. క్లాసంతా చూస్తుండగా ఒక్కొక్కరినీ ముందు కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. పోయిన నెల నా వంతు వచ్చింది. పేరు చెప్పాను, ఊరు చెప్పాను. అంతలో గుండె దడదడలాడింది. చేతులు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననుకున్నాను. నా గదిలో ఉండే శ్రీశైలం, నల్గొండ వైపు అబ్బాయి, ఆటోలో పంజాగుట్ట ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఈసీజీ తీసి, గుండెకేమీ లేదన్నారు.

"నువ్వు సస్తున్నవని ఆటో భాయ్ సిగ్నల్ కాడ సుత ఆగలే," అన్నాడు శ్రీశైలం. "ఇప్పుడు గుండె మంచిగనే ఉందంటే ఆయనకేం జెప్పాలె?"

పై అంతస్తుకు వెళ్లమన్నారు. అక్కడ మానసిక వైద్యం అని బోర్డు ఉంది. నా పేరు కనపడకుండా చీటీ మడిచి పట్టుకుని, మన వైపు వాళ్లెవరైనా చూస్తారేమోనని గోడకేసి తిరిగి కూర్చున్నాను.

డాక్టరు పెద్దావిడ. "పిచ్చి కాదు బాబూ, ఆందోళన జబ్బు. ఇందులో చాలా రకాలున్నాయి," అని ఓపిగ్గా చెప్పింది. కొందరికి రోజంతా ఏదో ఒక దిగులట, ఒకటి తీరితే ఇంకొకటి. కొందరికి నలుగురిలో నోరు విప్పాలంటే భయం. కొందరికి ఎత్తో, కుక్కో, సూదిమందో, ఆ ఒక్కదానికే. ఇంకొందరికి ఉన్నట్టుండి ప్రాణం పోతున్నట్టు వచ్చి, కాసేపటికి తగ్గిపోతుందట. "మళ్లీ వస్తుందేమోనని, అది వచ్చిన చోటికి పోవడమే మానేస్తారు," అంది.

నాకు నువ్వు గుర్తొచ్చావు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?" అనడిగింది.

"లేదండీ, ఎవరికీ లేదు," అన్నాను. ఆవిడ అలాగే రాసుకుంది.

నువ్వు టీటీసీ ఎంట్రన్స్‌కు ఒంగోలు వెళ్తుంటే నాన్న నన్ను తోడు పంపాడు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. మద్దిపాడులో నువ్వు ఊపిరాడటం లేదని బస్సు ఆపించావు. వెనక ఎవరో "పరీక్షంటే వేషాలు" అని నవ్వారు. నువ్వు దిగి, కిటికీ దగ్గరకొచ్చి, "రమణా, దిగరా," అన్నావు. నేను అటు తిరిగి కూర్చున్నాను. బస్సు కదిలాక కండక్టర్ "ఏరా, ఆ పిల్ల మీ అక్కా?" అనడిగితే కాదన్నాను. ఒంగోలు దాకా పోయి, అదే బస్సులో తిరిగొచ్చాను. నువ్వు ఆటోలో ఇల్లు చేరావు. నాన్న నిన్ను కేకలేస్తుంటే నేనూ వేషాలేనన్నాను. నువ్వు మాత్రం నన్ను నువ్వే పొమ్మన్నావని చెప్పావు. ఆ తర్వాత నువ్వు బస్సెక్కలేదు. నీకు మన వీధిలోనే సంబంధం ఎందుకు చూశారో ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరమూ అనం.

మూడు వారాలు నేనూ ఆ సంస్థ మెట్లెక్కలేకపోయాను. గేటు దాకా పోయి తిరిగొచ్చేవాణ్ణి. నాన్నకు మాత్రం ఇంటర్వ్యూలు వాయిదా పడ్డాయని చెప్పాను. ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నాను. భయం వేసినా కాసేపు అక్కడే ఉండటం అలవాటు చేసుకోమంది డాక్టరు. మొన్న చివరి బెంచీలో అరగంట కూర్చున్నాను.

గురువారం మళ్లీ రమ్మన్నారు. నేను చెప్పింది అబద్ధమని ఆవిడకు చెప్పాలనుంది. కానీ అది నీ సంగతి. నిన్నడగకుండా చెప్పను. నీది ఈ జబ్బేనని నేననలేను, చూసిన డాక్టరే చెప్పాలి. ఒంగోలులోనూ ఇలాంటి డాక్టర్లు ఉన్నారట.

నువ్వు సరేనంటే నేను వస్తాను. బస్సులో తలుపు పక్క సీట్లో కూర్చుందాం. నువ్వు ఎక్కడ దిగాలంటే అక్కడ, మా అక్క దిగాలి, ఆపమని కండక్టర్‌కు నేనే చెబుతాను. నేనూ దిగుతాను.

అమ్మకు, నాన్నకు, బావకు నమస్కారాలు. పాపకు ముద్దులు. తిట్టినా సరే, రెండు ముక్కలు రాయి.

నీ తమ్ముడు,
రమణ