రిలేకి కనపడని చెట్టు

ఏప్రిల్ 4
సబ్‌స్టేషన్‌లో రిలే టెస్టింగ్. లైనులో ఫాల్టు వస్తే పసిగట్టి ట్రిప్ చేసే, అంటే కరెంటు ఆపేసే పెట్టె. కిట్టుతో దొంగ ఫాల్టులు ఇచ్చి చూశాను. లైను పొడవులో ఎనభై శాతం లోపలైతే తక్షణం ట్రిప్. అది దాటితే కాస్త ఆగి ట్రిప్. రెండూ సరిగ్గా వచ్చాయి. ఏఈ గారు "బాగుందయ్యా మస్తానూ" అని వెళ్లిపోయారు.
తిరిగొస్తూ నాదెండ్ల దగ్గర బండి ఆపి పైకి చూశాను. లైను కింద సుబాబుల్ తోట. కొమ్మలు వైరును అందుకునేలా ఉన్నాయి.
ఖర్చు: పెట్రోలు, టీ, టేపు చుట్ట.

ఏప్రిల్ 5
ఏఈ గారిని అడిగాను. చెట్టులోంచి భూమిలోకి పోయే కరెంటు తక్కువ, ఇప్పుడున్న సెట్టింగుతో రిలేకి అది ఫాల్టులా కనపడదు, రీచ్, అంటే అది చూసే మేర, కొంచెం పెంచమని పైకి రాద్దామా అని.
"పెంచితే? మిర్చి కోల్డ్ స్టోరేజీలన్నీ ఒక్కసారి లోడు లాగితే దాన్నే ఫాల్టనుకుని లైను కొట్టేస్తది. అప్పుడు పేట మిల్లులోళ్లు నీకు చేస్తారా ఫోను, నాకు చేస్తారా?"
నిజమే. పెంచితే ఆ బాధ, పెంచకపోతే ఈ బాధ. సెట్టింగులు పై ఆఫీసు నుంచి వస్తాయి. నేను ఎక్కించేవాణ్ణి.

ఏప్రిల్ 7
చెట్లు కొట్టడం ఒక్కటే దారి. తోట రైతు మొదలంటా కొట్టనివ్వడు — ఇంకో ఏడాది లావెక్కితే పేపరు మిల్లువాళ్లు మంచి రేటు ఇస్తారట. కొమ్మల వరకు ఒప్పుకున్నాడు.

ఏప్రిల్ 9
టీ కొట్టు దగ్గర సైదులు. కొమ్మలు కొట్టే గ్యాంగుకి మేస్త్రీ వాడే. పాతికేళ్ల స్నేహం.
"ఏందన్నా, పొద్దస్తమానం ఆ పెట్టె ముందే కూసుంటావు. అదేమన్నా పెళ్లికూతురా?"
లైను ఆపడానికి అనుమతి ఇచ్చారా అని అడిగాను.
"ఎండాకాలం పగటిపూట ఎవడిస్తాడన్నా! వైరుకి దూరంగా ఉన్నయ్యే కొట్టుకోమన్నారు."
"దూరమంటే ఎంత?"
"నా కంటికి ఎంత దూరమైతే అంత."
నవ్వాడు. నేనూ నవ్వాను.

ఏప్రిల్ 12
సైదులు పడ్డాడు.
కొట్టిన కొమ్మ కిందికి రాకుండా వైరు మీదికి వాలిందట. పచ్చి కొమ్మ. వాడి చేయి ఇంకా దాని మీదే ఉంది... గుంటూరు తీసుకెళ్లారు.
లైను నడుస్తూనే ఉంది. కంట్రోల్ రూములో ఒక్క దీపమూ మిణుకుమనలేదు. రిలే రికార్డు తీయమంటే తీశాను. ఖాళీ.

ఏప్రిల్ 13
ఆఫీసులో మాట ఒక్క రోజులో తయారైంది. లైను ట్రిప్ కాలేదు, కాబట్టి ఫాల్టు లేదు. ఫాల్టు లేదు, కాబట్టి కరెంటు తగల్లేదు. జారి, కింద ఆకులు తగలబెట్టిన మంటలో పడ్డాడు.
గ్యాంగువాళ్లను అడిగాను. "మంటెక్కడిదన్నా, అగ్గిపెట్టె కూడా తీయలా" అన్నారు. ఆఫీసుకొచ్చి ఆ మాట చెప్పమంటే ఎవరూ తల ఎత్తలేదు. రేపటి పని కావాలి వాళ్లకు.

ఏప్రిల్ 15
గుంటూరు. కుడి చేయి మోచేతి పైదాకా తీసేశారు. మత్తులో ఉన్నాడు. వాళ్లావిడ నాగమణి వరండాలో కూర్చుని ఉంది.
"అన్నా, మిషను ఏమీ చూళ్లేదంటన్నారంట గదా. మిషను చూడకపోతే నా మొగుడి చెయ్యి ఏమైనట్టు?"
చెప్పడానికి ప్రయత్నించాను. "అది మనిషిని చూడదమ్మా. వోల్టేజీ ఎంత, కరెంటు ఎంత అని చూసి, ఫాల్టు ఎంత దూరాన ఉందో లెక్క కడతది. చెట్టులోంచి పోయేది కొంచెమే. ఆ కొంచెం దాని లెక్కలోకి రాదు."
"కొంచెమా?" అంది.


ఏప్రిల్ 17
ఏఈ గారు కాగితం ఇచ్చారు, టెస్టింగ్ చేసినవాడిగా సంతకం పెట్టమని. 'రిలే సక్రమంగా పనిచేస్తున్నది. ఆ సమయంలో ఏ ఫాల్టూ నమోదు కాలేదు.' రెండూ నిజమే. అదే బాధ.
మూడో వాక్యం రాస్తానన్నాను. ఈ సెట్టింగుతో చెట్టు ఫాల్టు రిలేకి కనపడదు అని.
"అది నిన్ను అడిగారా? నువ్వేమన్నా ఇంజనీరువా?"
కాదు. పదో తరగతి దాటలేదు. మాన్యువళ్లు కూడబలుక్కుని చదివినవాణ్ణి.
తర్వాత ఆయనే గొంతు తగ్గించి — "లైను ఎందుకు ఆపలేదని నా మెడకు చుడతారయ్యా. నాకూ పిల్లలున్నారు." ఆ మాట అన్నప్పుడు నా వైపు చూడలేదు.

ఏప్రిల్ 18
పెట్టలేదు.

ఏప్రిల్ 19
"నువ్వు పెట్టకపోతే మాచర్ల నుంచి ఇంకొకణ్ణి పిలిపిస్తా. వాడూ అదే కిట్టుతో చూస్తాడు, అదే రాస్తాడు" అన్నారు ఏఈ గారు. అవును. ఎవరు చూసినా అంతే వస్తుంది. రిలేలో తప్పు లేదు.

ఏప్రిల్ 22
విచారణ. పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. నన్ను పిలిచారు. కూర్చోమన్నారు.
"రిలే బాగుందా?"
"బాగుందండీ, కానీ —"
"బాగుంది. రాసుకో."
టైపు చేసే అబ్బాయి రాసుకున్నాడు. నేను లేవలేదు. చెట్టు గురించి మొదలుపెట్టాను. ఆయన ఫోను మోగింది. మాట్లాడుతూనే నా వైపు చేయి ఊపాడు, ఇక వెళ్లమని. లేచి వచ్చేశాను.
నాగమణి గేటు దగ్గర ఉంది. "చెప్పావా అన్నా?"
మొదలుపెట్టానమ్మా అన్నాను.

ఏప్రిల్ 24
మంటలో పడ్డాడనే తేల్చారట. నాగమణికి ఫోను చేయలేకపోయాను. సైదులుకి మెలకువ వచ్చిందని, చెయ్యి ఏదని అడుగుతున్నాడని తనే చేసి చెప్పింది.


ఏప్రిల్ 26
తోటలోకి కొత్త గ్యాంగు దిగిందని విని వెళ్లాను. వినుకొండ వైపు వాళ్లు. లైను ఆపలేదు. తల మీద వైర్ల సన్నటి రొద వినపడుతూనే ఉంది.
చెట్టు మీద ఒకతను, కత్తి నడుముకు చెక్కుకుని. దిగు తమ్ముడూ అన్నాను.
"ఎందుకన్నా?"
"కరెంటు లాగుద్ది. మొన్న మా సైదులుకి అట్లాగే అయింది."
"ఆయన మంటలో గదన్నా పడింది! ఆఫీసోళ్లే చెప్పారు. అందుకే మేం మంట పెట్టటంలా." కిందున్నవాళ్లు నవ్వారు. "పెద్దాయన బయపడతన్నాడ్రా, మంచినీళ్లియ్యండి" అన్నాడు ఒకడు.
ఏఈ గారికి ఫోను చేశాను. ఎత్తలేదు. సబ్‌స్టేషన్‌కి చేశాను. పై నుంచి చెప్పకుండా లైను ఆపలేమన్నారు.
పొద్దు వాలేదాకా చెట్టు కిందే నిలబడ్డాను. ఇవాళ ఏమీ కాలేదు. చివరి వరస మిగిలింది, సరిగ్గా వైరు కింద. రేపు పొద్దున్నే అది కొడతారట.