గుమ్మం కూడా పడాలి

ఆగస్టు 4, సోమవారం

ఒప్పేసుకున్నాను.

నా స్నేహితురాలు పద్మ పెళ్లి. పద్నాలుగో తేదీ పొద్దున వాళ్లింట్లో పసుపు దంచుతారు. ఆ గదిలోకి మగవాళ్లని రానివ్వరు. అందుకే ఫోటోలు తియ్యమని స్టూడియోలో నన్ను అడిగారు. ఏడాదిన్నరగా స్టూడియో యజమాని సింహాద్రి గారి వెనక లైటు పట్టుకుని నిలబడుతున్నాను. ఇది నా ఒక్కదాని పని. ఆల్బం వెనక నా పేరే వేస్తానన్నారు.

పద్మ నన్ను పెరట్లోకి లాక్కెళ్లి ఒక్కటే అడిగింది. "మా నాయనమ్మ కూడా పడాల ఈశ్వరీ. గుమ్మం అవతల కూకుంటాది. పిలిస్తే రాదు. అక్క పెళ్లప్పుడు ఒక్క ఫోటోలోనూ నేదు."

తాతగారు పోయినప్పటి నుంచి ఆవిడ పసుపు పనుల్లో గుమ్మం దాటరు. ఎవరూ వద్దనరు, ఆవిడే రారు. రోలు, దంచే ఆడవాళ్లు, గుమ్మం, అవతల నాయనమ్మ — అంతా ఒకే ఫోటోలో రావాలి. విడిగా తీసిస్తానంటే పద్మ ఒప్పుకోలేదు. "ఇడిగా తీత్తే ఇడిగా ఉన్నట్టే గదా."

గది చూశాను. మూలకి వీపు ఆనించి నిలబడితే తలకి ఉట్టి తగిలింది. కెమెరాలో రోలు పడింది. ఎదురు గోడ పడింది. గుమ్మం పడలేదు. నేను గోడలోకి దూరితే తప్ప పడదు.

ఆగస్టు 5

సింహాద్రి గారు కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశారు. "లెన్సు మార్చాలమ్మా. నీది పద్దెనిమిది కాడ ఆగిపోతాది. పదో పదకొండో ఉన్నది కావాల. నాకాడ నేదు. సెకండ్ హ్యాండుది ఏదైనా సూసుకో."

లెన్సు మీది మిల్లీమీటర్ల అంకె తగ్గే కొద్దీ ఫోటోలో ఎక్కువ పడుతుంది. నాన్నకి చెబితే అన్నం కలుపుతూ ఆగిపోయాడు. "తక్కువైతే ఎక్కువ పడతాదేటి? ఇదేటి లెక్కే?"

డిగ్రీలో కటకాల పాఠానికి బొమ్మ గీసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. కిరణాలు, నాభి, బాణం గుర్తులు… అంతా కాగితం మీదే. కాలేజీలో ఒక్క కటకాన్నీ చేత్తో పట్టుకోలేదు. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని. నాన్నకి బొమ్మ గీసి చూపించబోతే, "నాకెందుకే, నీకు తెలిస్తే సాల్దా" అన్నాడు. కానీ కంచం పక్కకి జరిపి చూశాడు.

ఆగస్టు 6

శ్రీకాకుళం. బజారు వెనక పాత కెమెరాల దుకాణం. 10–18 ఒకటి ఉంది. తేలిక, అరచేతిలో పట్టేస్తుంది.

"ఎవరికమ్మా? అన్నయ్య రాలేదేటి?"

"నాకే."

"ఓహో" అన్నాడు. ఆ తర్వాత ధర చెప్పాడు.

నిన్న రాత్రి ఫోన్లో చదివింది గుర్తుంది — ఒక వైపు నుంచి టార్చి వెయ్యి, రెండో వైపు నుంచి చూడు. వేశాను. లోపల అద్దం అంచున సన్నటి తెల్లని పోగులు. సాలీడు గూడు మొదలుపెట్టినట్టు. బూజు.

"బూజు పట్టింది."

"ఏదీ? అది నీడమ్మా."

టార్చి ఆయన చేతికిచ్చాను. చూశాడు. ఇంకోసారి చూశాడు. "కళ్లు బానే ఉన్నాయి నీకు" అని లెన్సుని మళ్లీ అలమరలో అదే చోట పెట్టేశాడు.

బస్సులో వస్తున్నంతసేపూ నవ్వుకున్నాను. కొనలేదు. అయినా ఏదో కొన్నంత సంతోషం.

ఆగస్టు 7

భావనపాడు. తీరంలో వచ్చిపోయే వాళ్లకి ఫోటోలు తీసే ఆయన దగ్గర 11–16 ఉంది. బొమ్మ అద్దంలా వస్తోంది, చీకట్లో కూడా. రింగు తిప్పితే మాత్రం కరకర.

"ఇసకే. ఫోటోలో ఇసక పడదు గదేటి" అన్నాడు.

పదమూడు దాటాక బిగుసుకుపోయింది. ఇద్దరం చెరో వైపు పట్టుకుని తిప్పాం, కదల్లేదు. "నా పెళ్లాం కూడా ఇలాగే, మాటినదు" అన్నాడు. వెనక వలలు బాగుచేస్తున్న ఆవిడ తల ఎత్తకుండానే, "ఉప్పు గాల్లో దాన్ని తిప్పొద్దని పదేళ్ల కాణ్ణించి సెప్తన్నాను. ఇన్నావేటి?" అంది.

వద్దన్నాను. మంచినీళ్లిచ్చి పంపారు.

ఇంక వారమే ఉంది.

ఆగస్టు 9, శనివారం

దొరికింది. దొరికింది దొరికింది.

విజయనగరం. బియ్యం కొట్టు. సింహాద్రి గారికి తెలిసిన షావుకారు, అప్పారావు గారు. మూటల మధ్య నుంచి నడిచి లోపలికి వెళ్లాలి. గల్లా పక్క బీరువాలోంచి మెత్తటి గుడ్డ మూట తీశారు. 10–20. బరువు. ఎండ పడకుండా ముందు బిగించే ప్లాస్టిక్ కప్పు అంచు విరిగింది. టార్చి వేశాను — లోపల ఏమీ లేదు, బావిలో నీళ్లలా.

కెమెరాకి బిగించి కన్ను పెట్టాను.

ఏమని రాయను… కొట్టంతా వచ్చేసింది. కాటా, బస్తాలు, గల్లా, ఈ వైపు వీధి, ఆ వైపు వీధి, ఎదురుగా రిక్షాలో కూర్చున్న ఆయన. ఒక అడుగు వెనక్కి వెయ్యాలనుకునే దాన్ని ఎప్పుడూ. ఇప్పుడు వెయ్యక్కర్లేదు.

"కిందికి సూసుకో" అన్నారు షావుకారు. "నీ కాళ్లు కూడా పడిపోతన్నాయి."

నిజమే. చెప్పులతో సహా.

రామతీర్థం కొండ మొత్తం ఒక్క ఫోటోలో పట్టాలని కొన్నారట. ఇప్పుడు మోకాళ్లు పనిచెయ్యవు, కొండెక్కలేరు. "బీరువాలో కూకోబెట్టడం నాకే సిగ్గుగా ఉన్నాది. తీసుకెల్లు. బుధవారం దాకా ఉంచుకుని తీసి సూడు. నచ్చితే అప్పుడే మాటాడుకుందాం."

రసీదు లేదు, ఏమీ లేదు. నన్ను ఎప్పుడూ చూడని మనిషి.

ఆగస్టు 10

పొద్దున్నుంచీ కనబడిందల్లా తీస్తున్నాను. దూడ. పొయ్యి. నాన్న పారతో. నాన్న పార పర్వతమంత వచ్చింది, నాన్న వెనకాల చిన్నగా.

అమ్మని ఫోటో అంచున పెట్టి తీశాను. చూసుకుని నోరు తెరిచింది. "నా మొకం సేటంత అయిపోనాదేటే? ఎవులికీ సూపించకు."

నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. అంచున ఉన్నవాళ్లు సాగిపోతారు. గదిలో అంచు అంటే గుమ్మం. గుమ్మంలో నాయనమ్మ.

ఇంత వెతికి, ఆవిడ మొహాన్ని చేటంత చేసి ఇవ్వనా?

ఆగస్టు 11

పద్మ వాళ్లింటికి వెళ్లాను. రోలు ఉన్నచోట నీళ్ల బిందె పెట్టి, గుమ్మం అవతల పద్మని కూర్చోబెట్టి, గది నాలుగు మూలల నుంచీ తీశాను.

పది దగ్గర — అంతా వస్తుంది, పద్మ సాగిపోతుంది. పద్దెనిమిది దగ్గర పద్మ మోచెయ్యి ఒక్కటే వస్తుంది. పదకొండు. పన్నెండు. పదమూడు… ఉట్టి కిందే నిలబడి కాస్త గుమ్మం వైపు తిరిగితే — బిందె ఎడమన, గుమ్మం మధ్యకి దగ్గరగా, పద్మ పద్మలాగే ఉంది.

అరిచేశాను. పద్మ కూడా అరిచింది. ఎందుకు అరుస్తున్నామో తెలియక పద్మ వాళ్ల అమ్మ గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

నాయనమ్మ అరుగు మీద నుంచి అంతా చూస్తున్నారు. దగ్గరికి వెళ్లి చెప్పాను, మీరు ఎక్కడ కూర్చుంటే అక్కడే ఉండండి, కదలక్కర్లేదు అని. "నన్నేటి తీత్తావు గుంటా. లోపలికెల్లి రోలు తీ. పెల్లి దానిది" అన్నారు.

లెన్సు కొనేస్తాను. రేపే షావుకారుకి ఫోన్ చేస్తాను.

ఆగస్టు 12

అమ్మ లెన్సుని బియ్యం డబ్బాలో పెట్టింది.

రాత్రంతా వాన. పొద్దున లేచి చూస్తే సంచి ఖాళీగా ఉంది. పోయినేడాది నా ఫోన్ నీళ్లలో పడితే రెండు రోజులు బియ్యంలో పెట్టి బాగుచేసింది అమ్మే. చెమ్మకి బూజు పడుతుందని శ్రీకాకుళం నుంచి వచ్చిన రోజు చెప్పింది నేనే. అమ్మ రెండూ కలిపి ఆలోచించింది. వెనక మూత సరిగా పట్టలేదు. లోపలంతా తవుడు. రింగు తిప్పితే సన్నగా గరగరమంటోంది.

అరిచాను. చాలా అరిచాను. చదువుకున్నదాన్ని, నాకు చెప్పకుండా ఎందుకు ముట్టుకున్నావు అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"ఫోనుకి బాగైంది గదే" అంది అమ్మ, మెల్లిగా. ఆ తర్వాత డబ్బాలో బియ్యం అంతా చేటలో పోసి చెరుగుతూ కూర్చుంది, ఇంకా అందులో ఏదో నాది మిగిలిపోయినట్టు.

ఆగస్టు 13, బుధవారం

మొదటి బస్సుకే బయలుదేరాను. దారి పొడవునా చెప్పాల్సిన మాటలు మనసులో అనుకుంటూ వచ్చాను. ఒక్కటీ అవసరం పడలేదు.

షావుకారు లెన్సు తిప్పి, వేలికి అంటిన పొడి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "కొత్త బియ్యం. మీ సేలోవేనా?"

"అవునండి."

"మంచి ఇత్తనం." అంతే. నలభై ఏళ్లు బియ్యం అమ్మిన మనిషి.

తలుపు వేసి, ఫ్యాను ఆపి, చిన్న రబ్బరు బుడ్డితో గాలి కొడుతూ గంటసేపు కూర్చున్నారు. మధ్యలో బియ్యానికి వచ్చిన వాళ్లని "తర్వాత రండి" అని పంపేశారు. రింగు మళ్లీ మెత్తగా తిరుగుతోంది. కానీ అద్దాల మధ్య నాలుగైదు నలుసులు ఉండిపోయాయి. లెన్సు విప్పితే తప్ప రావు, విప్పేవాళ్లు విశాఖలో ఉన్నారు, వారం పడుతుంది.

"మామూలుగా కనబడవు. ఎలుగుకి ఎదురుగా తీత్తే మచ్చలు పడొచ్చు. పడకపోనూ వచ్చు. రేపు తీసి సూడు. పడితే తెచ్చీ, తప్పు పట్టను."

వెలుగుకి ఎదురుగా. ఆ గదిలో వెలుగు వచ్చేది గుమ్మంలోంచి ఒక్కటే.

"మచ్చలు పడినా నాదేనండి" అన్నాను. "మా బియ్యమే గదా." దాచుకున్నదంతా తెచ్చిన కవరు గల్లా మీద పెట్టాను. ఆయన కవరు తీసుకున్నారు. విరిగిన ప్లాస్టిక్ కప్పు మాత్రం తెల్ల దారంతో కట్టి ఇచ్చారు.

నాది. సెకండ్ హ్యాండుది, తవుడుతో సహా నాది. బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, గుంతలు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టి.

ఇంటికొచ్చి మొదటి ఫోటో అమ్మదే తీశాను. మధ్యలో కూర్చోబెట్టి. "ఇప్పుడు బాగున్నాను" అంది. నిన్నటి మాటకి తప్పైందని అప్పుడే అనాల్సింది.

ఆగస్టు 14

పద్మ వాళ్ల వంటింట్లో నిలబడి రాస్తున్నాను. దంచడానికి ఇంకా ఐదు నిమిషాలు ఉన్నాయి.

రోలు కడిగారు. రోకళ్లకి తోరాలు కడుతున్నారు. ఆడవాళ్లంతా వచ్చేశారు, గదినిండా పూల వాసన, ఒకటే మాటలు. పద్మ ఇప్పటికి నాలుగుసార్లు నా వైపు చూసింది. పదమూడు దగ్గర పెట్టి ఉంచాను. గుమ్మం వైపు రెండు తీసి చూశాను — ఒకదాంట్లో మచ్చ ఉన్నట్టుంది, ఒకదాంట్లో లేదు. ఎండ ఎటు కదిలితే అటు. గుండె రోలు కంటే ముందే దంచుకుంటోంది.

నాయనమ్మ వచ్చారు. నీరుకావి రంగు ఉతికిన చీర, మడతల గీతలు ఇంకా పోలేదు. తల దువ్వుకున్నారు. గుమ్మం అవతల పీట వేసుకున్నారు కానీ కూర్చోలేదు. నన్ను వేలితో దగ్గరికి పిలిచారు. నేను వెళ్తే, లోపలి వాళ్లకి వినబడకుండా అడిగారు.

"ఎక్కడ కూకోమంతావు?"

ఎవరూ కదలక్కర్లేకుండా ఉండాలనే కదా ఈ లెన్సు కొన్నాను. ఇప్పుడు ఆవిడే అడుగుతున్నారు. లోపల పద్మ పక్కన పీట పట్టేంత జాగా ఉంది. లోపలికి రండి అంటే అందరూ ఏమంటారు? ఇక్కడే కూర్చోండి అంటే — ఇన్నాళ్లూ ఎవరూ అనని ఆ మాట నా నోటి నుంచి వచ్చినట్టవుతుంది.

ఒక్క నిమిషం నాయనమ్మా అని ఇలా వంటింట్లోకి వచ్చేశాను. ఆవిడ ఇంకా నిలబడే ఉన్నారు, ఒక చెయ్యి ద్వారబంధం మీద.

దంచడం మొదలుపెడతామని లోపలి నుంచి నన్ను పిలుస్తున్నారు.